దొర పోయాడు, దస్త్రం మిగిలింది

(హైదరాబాద్‌లో న్యాయవాదులు, న్యాయశాస్త్ర విద్యార్థులు, సర్వే శాఖ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఈ వానలో నారాయణగూడ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. కానీ అధ్యక్షులవారు ఇప్పటికే చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేశారు. శాలువా కప్పే కార్యక్రమం ఉందని విన్నాను. అది మానేసి ఆ ఐదు నిమిషాలు కూడా నాకే ఇచ్చేస్తే ఇంకా సంతోషిస్తాను.

ఆహ్వాన పత్రిక మీద "వలస పాలన నాటి సరిహద్దులు, అంతర్జాతీయ న్యాయం" అని అచ్చు వేశారు. ఈ మాట వినగానే అందరికీ గుర్తొచ్చే దృశ్యం ఒకటే. 1884-85లో బెర్లిన్‌లో దొరలందరూ బల్ల చుట్టూ కూర్చుని, ఆఫ్రికా పటం మీద స్కేలు పెట్టి గీతలు గీశారని. పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. కానీ బెర్లిన్‌లో తేల్చుకున్నవి ముఖ్యంగా వేరే సంగతులు: కాంగో, నైగర్ నదుల మీద రాకపోకలు, వ్యాపారం, తీరం వెంట కొత్తగా ఆక్రమించేవాడు మిగతావాళ్లకు కబురు పెట్టాలన్న షరతు. గీతలు ఎక్కువ భాగం ఆ తర్వాత పడ్డాయి. రెండేసి దేశాల ఒప్పందాల్లో కొన్ని, గవర్నర్ జనరల్ ఉత్తర్వుల్లో కొన్ని, చివరికి ఏ జిల్లా కచేరీలోనో ఒక గుమాస్తా రాసిన వాక్యంలో కొన్ని. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఆ గుమాస్తా గురించే. దొరల సంగతి చాలామంది చెప్పారు.

సూత్రం చిన్నది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున పాత పాలకుడి హద్దు ఎక్కడుందో కొత్త దేశం హద్దు అక్కడే. పుస్తకాల్లో దీన్ని యూటీ పొసిడెటిస్ జ్యూరిస్ అంటారు. రోమన్ చట్టంలో ఇది స్థిరాస్తి తగాదాల్లో ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు. బలవంతంగానో, దొంగచాటుగానో, అవతలివాడి దయతోనో కాకుండా స్వాధీనంలో ఉన్నవాణ్ణి హక్కు తేలేదాకా కదపొద్దనేవారు. స్పానిష్ అమెరికా దీన్ని తిరగేసింది. మధ్యంతరం కాస్తా శాశ్వతమైంది, స్వాధీనం కూర్చున్న చోట కాగితం కూర్చుంది. దక్షిణ అమెరికాకు 1810, మధ్య అమెరికాకు 1821 అని సంవత్సరాలు పెట్టుకున్నారు. ఆ నాటికి స్పెయిన్ రాజు ఫర్మానాల ప్రకారం ఏ రాష్ట్రం ఎంతవరకో, దాని మీద లేచిన రిపబ్లిక్కూ అంతవరకే. ఇందులో ఒక గడుసుతనం కూడా ఉంది. అడవైనా, ఎడారైనా, మనిషి అడుగు పెట్టని కొండైనా సరే, కాగితం మీద ఎవరో ఒకరిదే అయితే "ఇది ఎవరిదీ కాదు, మేం ఆక్రమించుకుంటాం" అని యూరప్ నుంచి ఇంకో ఓడ రావడానికి వీల్లేదు. కొలంబియా, వెనిజువేలా తగాదాలో 1922లో స్విస్ ఫెడరల్ కౌన్సిల్ ఇచ్చిన తీర్పులో ఈ మాట స్పష్టంగా ఉంది. బ్రెజిల్ మాత్రం దీనికి ఒప్పుకోలేదు. దానికి కాగితం కంటే కబ్జా లాభం.

తెలంగాణలో రెవెన్యూ కేసులు నడిపినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. మీకు ఇది చెప్పడం నాకు చాలా తేలిక. భూమి తగాదా రాగానే మీరు మొదట ఏమడుగుతారు? "1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుంది?" అంతే కదా! ఎన్నో ఏళ్ల పహాణీలుంటాయి, అమ్మకాలుంటాయి, పంపకాలుంటాయి. అయినా ఒక తారీఖు పట్టుకుని, ఆ తారీఖు కాగితం తెరిచి, అక్కడినుంచి ముందుకీ వెనక్కీ నడుస్తారు. పట్టాదారు గడిలో ఒక పేరు, కాస్తుదారు గడిలో ఇంకో పేరు కనబడితే నెత్తి పట్టుకుంటారు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో జరిగేదీ అచ్చంగా ఇదే. ఆ తారీఖును వాళ్లు క్రిటికల్ డేట్ అంటారు. పట్టాదారు గడిని టైటిల్ అంటారు. కాస్తు గడిని ఎఫెక్టివిటే అంటారు, అంటే పన్ను వసూలు చేయడం, జనాభా లెక్కలు రాయడం, పోలీసును పంపడం, పశువుల మేతకు అనుమతివ్వడం లాంటి పాలన పనులన్నమాట. ఇక ఈ పోలిక మీద ఇంకా స్వారీ చేయను, మీకు అందిపోయింది.

ఆఫ్రికా సంగతికొస్తాను. 1963లో అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది. 1964 జూలైలో కైరోలో దేశాధినేతలు కూర్చుని, స్వాతంత్ర్యం నాటికి ఉన్న సరిహద్దులను గౌరవిస్తామని తీర్మానించారు. మొరాకో, సోమాలియా ఒప్పుకోలేదు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, ముఖ్యంగా సోమాలీలకు. ఒకే భాష, ఒకే జాతి జనం ఐదు పాలనల కింద చీలిపోయారు. ఈ తీర్మానం న్యాయమైనదని నేను వాదించబోవడం లేదు. ఆ గీతలు అన్యాయమని ఆ గదిలో కూర్చున్నవాళ్లకే బాగా తెలుసు. ఒక్క గీత కదిపితే యాభై గీతలు కదులుతాయని కూడా తెలుసు. రెండు చెడుల్లో తక్కువ చెడును ఎంచుకున్నారు, అంతవరకే.

ఇప్పుడు అసలు కేసు. బుర్కినా ఫాసో, మాలీ. రెండూ ఫ్రెంచి పశ్చిమాఫ్రికాలో భాగాలే. 1983లో ఇద్దరూ ఒప్పందం చేసుకుని తగాదాను హేగ్‌కు తీసుకెళ్లారు. కేసు నడుస్తుండగానే 1985 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ రోజున యుద్ధం మొదలైంది, ఐదారు రోజులు కొట్టుకున్నారు. కోర్టు జనవరి 10న తాత్కాలిక ఉత్తర్వులిచ్చింది, 1986 డిసెంబరు 22న తీర్పు వచ్చింది. ఐదుగురు జడ్జిల ఛాంబరు, అధ్యక్షుడు అల్జీరియాకు చెందిన మొహమ్మద్ బెజావుయి. ఈ సూత్రం లాటిన్ అమెరికా సొత్తు కాదనీ, వలస పాలన పోయిన ప్రతిచోటా వర్తిస్తుందనీ ఆ తీర్పు తేల్చింది. స్వాతంత్ర్యం నాటి ప్రాంతానికి ఫోటో తీసినట్టు అని అందులో ఒక మాట ఉంది. అందరూ దాన్నే వల్లె వేస్తారు.

విద్యార్థులారా, ఆ ఫోటో మాట దగ్గర ఆగిపోకండి, దయచేసి. పని చేసేది దాని తర్వాతి పేరాలు. పట్టాకూ కాస్తుకూ మధ్య వ్యవహారాన్ని ఛాంబరు నాలుగు దారుల్లో విడగొట్టింది. పాలన కాగితంతో సరిపోలితే, ఆ పాలన కాగితానికి సాక్ష్యం మాత్రమే. కాగితం ఒకరి పేర ఉండి పాలన ఇంకొకరు చేస్తుంటే, కాగితం ఉన్నవాడిదే గెలుపు. కాగితమే లేకపోతే, పాలనను లెక్కలోకి తీసుకుని తీరాలి. కాగితం ఉంది గానీ హద్దు ఎక్కడో దానికే తెలియదనుకోండి, అప్పుడు ఆ కాగితాన్ని ఎలా చదవాలో పాలన చెబుతుంది. పేపర్లో ఈ నాలుగూ రాస్తే మార్కులొస్తాయి. కానీ నిజం కేసులన్నీ నాలుగో దాంట్లోకే వచ్చి పడతాయి. ఎందుకంటే గుమాస్తా దేశ సరిహద్దు రాస్తున్నానని అనుకోలేదు. తహసీళ్ల మధ్య పన్ను తగాదా తీరితే చాలనుకున్నాడు.

ఆ కేసులోనే చూడండి. 1935 నవంబరు 27 నాటి 2728 నంబరు ఉత్తర్వు ఒకటుంది. డకార్‌లో గవర్నర్ జనరల్ ఇచ్చాడు. ఫలానా ఊళ్లను దక్షిణాన వదిలేసి ఈశాన్యంగా పోయే గీత అని రాశాడు. ఊరి పేరుంది, బాగానే ఉంది. ఊరంటే ఇళ్లేనా? పొలాలు కూడానా? వానాకాలంలో సేద్యానికి వెళ్లి గుడిసెలేసుకునే చోటు కూడానా? కోర్టులో లాయర్లు దీని మీదే గంటలకొద్దీ వాదించారు. ఇంకో చిక్కు, బుర్కినా ఫాసో అంటే నాటి అప్పర్ వోల్టా. ఆ కాలనీని ఫ్రాన్స్ 1919లో పుట్టించి, 1932లో రద్దు చేసి, 1947లో మళ్లీ పాత హద్దులతో నిలబెట్టింది. అంటే 1935లో ఆ ఉత్తర్వు వచ్చేనాటికి ఆ కాలనీయే లేదు! లేని కాలనీ హద్దుకు ఆ కాగితం ఎంతవరకు పనికొస్తుందో తేల్చాలి. చివరికి సూమ్ అనే చెరువు దగ్గరికి వచ్చేసరికి ఏ కాగితమూ మాట్లాడలేదు. ఛాంబరు చెరువును చెరిసగం చేసింది.

బెనిన్, నైగర్ కేసు ఇంకా రుచిగా ఉంటుంది. 2005 జూలై 12న తీర్పు. నైగర్ నదిలో ఇరవై ఐదు లంకలు ఎవరివో తేలాలి. లేటే అన్నది వాటిలో పెద్దది. 1914 జూలై 3న గాయా అనే చోట ఒక చిన్న అధికారి పక్క కాలనీలోని తనలాంటి అధికారికి ఉత్తరం రాశాడు. పశువుల కాపరుల మేత తగాదాలు తీరాలని, ఏ లంక ఎవరిదో ఒక జాబితా ఇచ్చాడు. ఆ ఉత్తరానికి చట్టబద్ధమైన పట్టా విలువ లేదు. కానీ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇరువైపులా అధికారులు దాన్నే పాటించారు. తొంభై ఒక్క ఏళ్ల తర్వాత హేగ్ కోర్టు పదహారు లంకలు నైగర్‌కు, తొమ్మిది బెనిన్‌కు ఇచ్చింది. లేటే నైగర్‌కు పోయింది. గొర్రెలు, ఆవుల మేత కోసం రాసిన ఉత్తరం రెండు దేశాల మధ్య తగాదాలో సాక్ష్యమై నిలబడింది. ఆ చిన్న అధికారికి ఈ సంగతి తెలిస్తే ఇంకొంచెం నిదానంగా రాసేవాడేమో.

ఇక పటాలు. నా అసలు బాధ ఇక్కడుంది, కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓర్చుకోండి.

టీవీ చర్చల్లో, ఫోన్లలో తిరిగే మెసేజీల్లో రోజూ చూస్తుంటాం. ఎవరో ఒక పాత పటం ఎత్తి చూపించి "ఇదిగో, 1880 పటంలో అది మనదే" అంటారు. చప్పట్లు కొడతారు. పటం పట్టా కాదు! ఒప్పందానికి గానీ ఉత్తర్వుకు గానీ జతపరిచి, దానిలో భాగమని చెప్పినప్పుడు మాత్రమే పటానికి తన బలం ఉంటుంది. లేకపోతే అది ఒక సాక్షి. సాక్షిని అడిగినట్టే అడగాలి. నిన్ను ఎవరు గీశారు? ఎప్పుడు? నేల మీద కొలిచి గీశారా, ఇంకో పటం చూసి దించారా? ఆ గీత కింద లెజెండ్‌లో "సరిహద్దు" అని ఉందా, "సుమారు సరిహద్దు" అని ఉందా? స్కేలు ఎంత? రెండు లక్షల్లో ఒకటో వంతు స్కేలైతే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద రెండు వందల మీటర్లు. అరమిల్లీమీటరు మందం ఉన్న సిరా గీత నూరు మీటర్ల వెడల్పు పట్టీ. ఒక ఊరే మునిగిపోతుంది ఆ సిరాలో. గీతకు ఏ అంచు హద్దు? మధ్యా?

1947లో బెంగాల్ విభజన చేసిన రాడ్‌క్లిఫ్ ఈ విషయంలో జాగ్రత్తపడ్డాడు. హద్దు వివరణ ఒక అనుబంధం, పటం ఇంకో అనుబంధం. పటం కేవలం చూపించడానికేననీ, రెండింటికీ తేడా వస్తే రాతే చెల్లుతుందనీ తీర్పులోనే రాసిపెట్టాడు. అయినా తగాదాలు ఆగలేదు, అది వేరే కథ. రాతకు, పటానికి మధ్య గొడవలో ఎవరు పైచేయో ముందే రాసిపెట్టడం ఎంత ముఖ్యమో చెప్పడానికే ఈ మాట.

అలా రాసిపెట్టకపోతే ఏమవుతుందో ప్రేహ్ విహేర్ చెబుతుంది. థాయిలాండ్, కంబోడియాల మధ్య డాంగ్రెక్ కొండ అంచున ఉన్న ఖ్మేర్ శివాలయం అది. 1904లో కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్, సయాం (నేటి థాయిలాండ్) ఒప్పందం చేసుకున్నాయి. ఆ కొండల్లో నీళ్లు ఎటు వాలితే అటు, అంటే జలవిభాజక రేఖే హద్దు అన్నారు. పటాలు గీసే సాధనాలు తమ దగ్గర లేవని, ఫ్రెంచి అధికారులనే గీసిపెట్టమని సయాం ప్రభుత్వం అడిగింది. పారిస్‌లో పటాలు అచ్చయ్యాయి, 1908లో సయాంకు వచ్చాయి. డాంగ్రెక్ పటంలో గుడి కంబోడియా వైపు ఉంది. నీటి వాలు ప్రకారం చూస్తే అది సయాం వైపు ఉండాలి. ఆ పటాన్ని హద్దు తేల్చాల్సిన ఇరుదేశాల సంయుక్త కమిషను ఎన్నడూ ఆమోదించలేదు, అప్పటికే దాని పని ఆగిపోయింది. మరి సయాం ఏం చేసింది? అంతరంగిక వ్యవహారాల మంత్రి దామ్రాంగ్ రాకుమారుడు ఫ్రెంచి వారికి ధన్యవాదాలు చెప్పి, ఒక్కో పటానికి ఇంకో పదిహేను ప్రతులు పంపండి, మా గవర్నర్లకు ఇవ్వాలి అని రాశాడు.

పదిహేను ప్రతులు! అడిగి మరీ తెప్పించుకున్నారు. తెరిచి చూశారో లేదో.

కథ అక్కడితో అయిపోలేదు. 1930లో అదే దామ్రాంగ్ గుడి చూడ్డానికి వెళ్తే, ఫ్రెంచి జెండా ఎగురుతుండగా, పక్క కంబోడియా రాష్ట్రపు ఫ్రెంచి రెసిడెంటు పూర్తి యూనిఫాంలో వచ్చి స్వాగతం చెప్పాడు. సయాం నుంచి ఒక్క అభ్యంతరం లేదు. తర్వాత రాకుమారుడు ఫోటోలు పంపి కృతజ్ఞతలు చెప్పాడు. 1934-35లో సయాం తన సొంత సర్వే చేసుకుని, పటానికీ నీటి వాలుకూ తేడా ఉందని కనుక్కుంది. అయినా గుడిని కంబోడియాలో చూపే పటాలనే వాడుతూ వచ్చింది. ఫ్రాన్స్‌తో 1925లో, 1937లో ఒప్పందాలు జరిగాయి, 1947లో రాజీ కమిషను కూర్చుంది. అడగడానికి అన్నీ అవకాశాలే. ఒక్కచోటా నోరు విప్పలేదు. 1962 జూన్ 15న కోర్టు తొమ్మిది మంది ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపుగా గుడి కంబోడియాదని చెప్పింది. మా స్థానిక అధికారులు అక్కడ పాలన చేశారు కదా అని థాయిలాండ్ వాదించింది. కేంద్ర ప్రభుత్వమే ఇన్నేళ్లు ఊరుకున్నాక స్థానిక ఉద్యోగుల చిన్నాచితకా పనులు దాన్ని మార్చలేవని కోర్టు కొట్టిపారేసింది. ఈ కేసు సరిగ్గా మన సూత్రం కిందికి రాదని గురువులు పట్టుకుంటారు, నాకూ తెలుసు. సయాం ఎవరికీ వలస కాలేదు. కానీ ఫ్రాన్స్ సంపాదించిన పటం, ఫ్రాన్స్ వెళ్లిపోయాక కంబోడియాకు వారసత్వంగా వచ్చింది. నా విషయానికి అంతకంటే ఏం కావాలి?

చీటీ వచ్చింది. "ఇరవై నిమిషాలు." సరే. ప్రేహ్ విహేర్ దగ్గర ఎప్పుడూ ఇంతే అవుతుంది. రాసుకొచ్చిన మూడు పేజీలు పక్కన పెడుతున్నాను.

హైదరాబాద్‌లో నిలబడి ఈ విషయం మాట్లాడితే ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో అది చర్చకు వచ్చింది, 17న ఇక్కడ నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. అది సంస్థానం ప్రతిపత్తి గురించిన తగాదా. హద్దు తగాదా కాదు. నిజాం రాజ్యం హద్దులు ఏనాడూ ఈ సూత్రం కింద పరీక్షకు రాలేదు. కానీ హద్దులు బతికే ఉన్నాయి. 1800 ఒప్పందంలో నిజాం కంపెనీకి సీమ జిల్లాలు దత్తం చేసినప్పుడు తుంగభద్రను హద్దుగా పెట్టుకోవడానికి ఊళ్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇవాళ అలంపూర్ వైపు నిలబడి అవతలి ఒడ్డు చూస్తే కనబడేది పక్క రాష్ట్రం. యానాం సంగతి చూడండి. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు పాలన అప్పగించారు, 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా బదిలీ పూర్తయింది. అయినా ఫ్రెంచివారి గీత చెరిగిపోలేదు. చుట్టూ ఆంధ్ర, పాలన పుదుచ్చేరి నుంచి. ఆ గీత దాటితే మందు ధర మారుతుందని గోదావరి జిల్లాల్లో చెప్పనవసరం లేదు. ఇవి అంతర్జాతీయ సరిహద్దులు కావు, రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు మార్చగలదు. కానీ కాగితం ఎంత మొండిదో చూడండి.

సంస్థానానికీ బ్రిటిష్ ఇండియాకూ మధ్య హద్దు అంతర్జాతీయ వివాదమైన చోటు రణ్ ఆఫ్ కచ్. సింధ్ బ్రిటిష్ రాష్ట్రం, కచ్ సంస్థానం. 1965 పోరాటం తర్వాత ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ కూర్చుంది. స్వీడన్ జడ్జి లాగర్‌గ్రెన్ అధ్యక్షుడు, భారత్ తరఫున యుగోస్లావియా నుంచి బెబ్లర్, పాకిస్తాన్ తరఫున ఇరాన్ నుంచి ఎంతెజామ్. 1968 ఫిబ్రవరి 19 తీర్పులో వివాద భూమిలో దాదాపు తొమ్మిది పాళ్లు భారత్‌కు, ఒక పాలు పాకిస్తాన్‌కు. బెబ్లర్ ఒప్పుకోలేదు, మొత్తం భారత్‌దే అన్నాడు. ఆ తీర్పును నిలబెట్టింది బ్రిటిష్ సర్వే పటాలు, బొంబాయి, సింధ్ అధికారుల ఉత్తరాలు. నాగర్ పార్కర్‌కు అటూ ఇటూ చొచ్చుకుపోయిన రెండు పాయల దగ్గర మాత్రం కాగితం వదిలి, అక్కడ సరిహద్దు పెడితే కలహాలే అన్న దృష్టితో పాకిస్తాన్‌కు ఇచ్చారు. సింధ్, కచ్‌ల మధ్య ఉన్న సముద్రపు పాయ సర్ క్రీక్‌ను ఆ ట్రిబ్యునల్ పరిధిలో పెట్టలేదు. అందుకే అది ఇంకా మండుతోంది. బొంబాయి ప్రభుత్వం చేసిన 1914 తీర్మానానికి జతపరిచిన పటంలోని ఆకుపచ్చ గీత తూర్పు ఒడ్డు వెంట ఉందని పాకిస్తాన్, కాదు మధ్య ప్రవాహమే హద్దని భారత్. చూశారా, మళ్లీ పటం, మళ్లీ గీత!

ఈ సూత్రం ఏం చేయదో కూడా రెండు ముక్కలు. ఇద్దరూ ఒప్పుకుంటే హద్దు మార్చుకోవడాన్ని ఇది ఆపదు. 2015లో భారత్, బంగ్లాదేశ్ ఆ పనే చేశాయి. నూరో రాజ్యాంగ సవరణ చేసి, జూలై 31 అర్ధరాత్రి మన 111 ఛిట్‌మహళ్లు, అంటే చుట్టూ పరాయి దేశం ఉన్న ముక్కలు, అటు, వాళ్లవి 51 ఇటు మార్చుకున్నారు. ఒప్పందమే ఉన్నచోట ఈ సూత్రం అక్కర్లేదు కూడా. లిబియా, చాద్ కేసులో 1955 ఫ్రాన్స్, లిబియా ఒప్పందం చూసి కోర్టు కేసు ముగించింది. 1994 ఫిబ్రవరి 3 తీర్పు. మే నెలాఖరుకు లిబియా సేనలు తగాదా ఉన్న ఔజూ ప్రాంతం నుంచి వెళ్లిపోయాయి. పరిస్థితులు మారాయి కాబట్టి సరిహద్దు ఒప్పందం చెల్లదని అనడానికి వీల్లేదని 1969 వియన్నా ఒప్పందం 62వ అధికరణంలో ఉంది. పాలకుడు మారినా హద్దు మారదని దేశాల వారసత్వం మీద చేసిన 1978 వియన్నా ఒప్పందం 11వ అధికరణంలో ఉంది. ఇక తెల్లదొర వెళ్లేముందు ఒక ముక్క కోసుకుపోతే? 1965లో మారిషస్ నుంచి చాగోస్ దీవులను బ్రిటన్ అలాగే విడదీసింది, 1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. అది చట్టవిరుద్ధమని 2019 ఫిబ్రవరి 25న కోర్టు సలహా అభిప్రాయంలో చెప్పింది. ఫోటో తీసే ముందు ఇంట్లో సామాను మాయం చేయకూడదన్నమాట. యుగోస్లావియా విడిపోతున్నప్పుడు యూరప్ దేశాలు వేసిన బాడింటర్ కమిషన్ 1992 జనవరిలో ఈ సూత్రాన్ని వలసలు కాని రిపబ్లిక్కులకూ పాకించింది. అది సరైనదా కాదా అన్నది ఇంకో సాయంత్రపు ఉపన్యాసం.

తీర్పు వచ్చాక పని అయిపోతుందనుకుంటారు, అదీ పొరపాటే. తీర్పు ఇచ్చేది రాతలో హద్దు. నేల మీద రాయి పాతడం వేరే పని, వేరే ఖర్చు, వేరే ప్రమాదం. ఎరిత్రియా, ఇథియోపియాలకు 2002 ఏప్రిల్ 13న సరిహద్దు కమిషన్ నిర్ణయం ఇచ్చింది, ఇటలీ కాలం నాటి 1900, 1902, 1908 ఒప్పందాలు ఆధారం. నిర్ణయం చదివి బాద్మే మాదే అని ఇద్దరూ సంబరం చేసుకున్నారు. ఆ ఊరి పేరు కమిషన్ పటం మీద లేదు మరి! తర్వాత ఇథియోపియా అడ్డం తిరిగింది, దిమ్మెలు పాతడానికి మనుషులు పోలేకపోయారు. చివరికి కమిషన్ ప్రతి దిమ్మె ఎక్కడుండాలో కోఆర్డినేట్లు రాసి ఇచ్చేసి, ఏడాది గడువు పెట్టి, 2007 నవంబరు చివరితో హద్దు గుర్తించినట్టేనని ప్రకటించి తప్పుకుంది.

కోఆర్డినేట్ల దగ్గర ఉప్పల్‌లో శిక్షణ పొందిన సర్వే మిత్రులు నా మాటకు తలూపుతారు. పాత పటాల మీది అక్షాంశ రేఖాంశాలు ఏ డేటమ్ మీదివో, అంటే భూమి ఆకారానికి ఏ లెక్క ఆధారంగా తీసుకున్నారో చూడకుండా జీపీఎస్‌లో కొడితే నూరు మీటర్లకు పైగా తేడా రావచ్చు. మన పాత పటాలు ఎవరెస్ట్ గోళాభం మీదివి, ఫోన్లో వచ్చేది డబ్ల్యూజీఎస్-84. ఈ ఒక్క పొరపాటు చాలు, పొలీసు ఔట్‌పోస్టు అవతలి దేశంలో తేలడానికి.

కాగితం చదవడంలోనే జారిపోయేవాళ్ల కోసం ఒక ఉదాహరణ చెప్పి ముగింపుకొస్తాను. బుర్కినా ఫాసో, నైగర్ కేసు, 2013 ఏప్రిల్ 16. ఆధారం 1927 ఆగస్టు 31 నాటి 2336 నంబరు ఉత్తర్వు. అది చదివి కేసు వేస్తే ఓడిపోయేవారు. ఎందుకంటే గుమాస్తా కాలనీల హద్దు రాయబోయి, జిల్లాల హద్దుతో కలగాపులగం చేశాడు. అక్టోబరు 5న దానికి తప్పొప్పుల పట్టిక వచ్చింది, చెల్లేది అదే. ఆ పట్టికలో కూడా టావో దగ్గరి గుర్తు నుంచి బోసెబాంగూ దగ్గర నది దాకా అని రెండు చివరలు చెప్పి, మధ్యలో గీత తిన్నగా పోతుందో వంకరగా పోతుందో చెప్పలేదు. తిన్నగా గీస్తే బంగారే అనే ఊరు తప్పు వైపు పడుతుంది. ఆ ఊరిని నైగర్ వైపు అధికారులే పాలించినట్టు కాగితాలున్నాయి. అందుకే కోర్టు ఆ ముక్కకు 1960 నాటి ఫ్రెంచి పటం గీతను తీసుకుంది. ఉత్తర్వు, సవరణ, పాలన కాగితాలు, పటం. ఈ వరుస తప్పితే కేసు తప్పింది.

అందుకని చెప్తున్నాను. ఇక్కడున్న యువ న్యాయవాదులు అంతర్జాతీయ న్యాయం చదువుతూ ఇంగ్లీషు, ఫ్రెంచి నేర్చుకుంటున్నారు, మంచిదే. ఫారసీ, ఉర్దూ శికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగలిగేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా కొంతమంది మిగిలే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. తార్నాక ఆర్కైవ్స్‌లో మొఘల్ కాలం నుంచీ కట్టలున్నాయి. తారీఖు నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరమైన ఫస్లీలో ఉంటే 590 గానీ 591 గానీ కలపాలి, నెల చూడకుండా కలిపితే ఏడాది తేడా. 1358 ఫస్లీ జాగీర్ల రద్దు 1949 ఆగస్టులోది, అక్కడ 590 కలిపితే తప్పు. ఇక తహసీల్ ఆఫీసుల్లో రికార్డులు స్కాన్ చేసే కాంట్రాక్టులు నడుస్తున్నాయి. నా ఫిర్యాదు ఒకటే, ముందు పేజీ ఒక్కటే తీస్తున్నారు. నక్షా వెనకవైపు తీయండి. మార్జిన్‌లో పెన్సిలు రాత తీయండి. ముద్ర కింద తారీఖు కనబడేలా వెలుతురు పెట్టండి. గుడ్డ అతికించిన పటమైతే మడత దగ్గర చిరిగిన ముక్క పారేయకుండా కవర్లో పెట్టి అదే నంబరు వేయండి. స్కేలు పట్టీ కత్తిరించి ఫోటో తీస్తే ఆ పటం కోర్టులో నిలవదు. సవరణ ఉత్తర్వు ఏదైనా ఉంటే అసలు ఉత్తర్వుతో కలిపి కట్టండి, వేరే ఫైల్లో పెట్టొద్దు. టైపులో పేరు తప్పుగా ఉన్నా దిద్దకండి, తప్పుతో సహా ఉంచి పక్కన నోటు రాయండి. ఈ పని చేసే కుర్రాళ్లకు నెలకు ఎంతిస్తున్నారో ఎవరైనా అడగండి, అడిగి అధికారుల దృష్టికి తీసుకెళ్లండి. ఇది మాత్రం సభాముఖంగా అడుగుతున్నాను.

అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు. మూడో వరసలో ఎవరో సర్ క్రీక్ అంటున్నారు, వినబడింది. మైకు వారికివ్వండి. ప్రేహ్ విహేర్ మీద మాత్రం ఎవరూ ప్రశ్న వేయకండి, హాలు తొమ్మిదింటికి మూసేస్తారట.